చేతిలో పట్టుంది, కాలి కింద మెట్టుంది

ఆ సైటులో ఆమెను అందరూ లిఫ్టక్క అనేవాళ్లు. అక్కడ కడుతున్నది పిల్లల ఆసుపత్రి. గోడకు ఆనుకుని ఇనప పంజరంలాంటి లిఫ్టొకటి ఉండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల్నీ, సిమెంటు బస్తాల్నీ, టైల్స్ పెట్టెల్నీ పైకీ కిందికీ మోస్తూనే ఉండేది. బటను నొక్కితే దానంతటదే వెళ్లి ఆగే రకం కాదు. పిడి పట్టుకుని నడపాలి, అంతస్తు రాగానే సరిగ్గా ఆపాలి. వేలెడు పైకి ఆగినా, వేలెడు కిందికి ఆగినా తోపుడుబండి చక్రం అంచుకు తగిలి సరుకంతా ఒళ్లో పడుతుంది. లిఫ్టక్క ఆపితే మాత్రం అక్కడ అంచొకటి ఉందన్న సంగతే చక్రానికి తెలిసేది కాదు.

ఆ పనితనాన్ని కిందున్నవాళ్లెవరూ పట్టించుకోలేదు. సాఫీగా సాగిపోయే పనిని ఎవరు పట్టించుకుంటారు? పట్టించుకున్న మనిషి పైన ఉన్నాడు. సైటు మధ్యలో ఆకాశంలోకి లేచిన పెద్ద క్రేను కొసన, గాజు గదిలో కూర్చుని, ఆయన రోజంతా కిందికే చూస్తుండేవాడు. తెల్ల మీసాలు, మాట తక్కువ. అందరికీ పెద్దాయన.

ఆ పెద్దాయన ఒకరోజు మేనేజరు గదికి వెళ్లాడు.

"నా మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి సార్. ఇక నేనివ్వడమే మిగిలింది. నా సీట్లో కూర్చోబెట్టడానికి ఒక మనిషిని చూశాను."

"ఎవరు?"

"మన లిఫ్టమ్మాయి."

ఆ అమ్మాయికి నలభై దాటాయి. కాలేజీకి వెళ్లే కూతురుంది. మేనేజరు పెన్ను కిందపెట్టి, "ఆవిడ ఒప్పుకుంటుందా?" అన్నాడు. 

"అడిగితే కదా తెలిసేది," అన్నాడు పెద్దాయన.

అడిగారు. ఆమె ఒక పూట ఆలోచించి సరేనంది. నెలల తరబడి క్లాసులకు వెళ్లింది. ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో, గాలి ఎంతుంటే పని ఆపాలో, హుక్కుకు కట్టిన తాళ్లు ఎంత వాలుగా ఉంటే ప్రమాదమో నేర్చుకుంది. శిక్షణ మైదానంలో నేలమీదే నిలబడి, చిన్న క్రేనుతో నీళ్ల తొట్టెను చుక్క ఒలక్కుండా తిప్పి చూపించింది. పాసైంది. ఫ్రిజ్జులు బాగుచేసే ఆమె భర్త ఆ సంగతి తెలిసిన వాళ్లకు చెప్పాడు, తెలియని వాళ్లకు చెప్పాడు. ఫ్రిజ్జులో ఐసు ఎందుకు కట్టడం లేదని ఫోను చేసిన ఒక పెద్దావిడకు కూడా ముందు ఇది చెప్పి, తర్వాత ఐసు సంగతి చెప్పాడు.

అన్నీ నేర్పారుగానీ ఒక్కటి ఎవరికీ తట్టలేదు. ఆ గాజు గదిలో కూర్చోవాలంటే ముందు అక్కడిదాకా ఎక్కాలి. క్రేను నడుమంతా ఇనప చట్రం. దాని లోపలే నిచ్చెన. కొంత ఎక్కాక ఒక చిన్న ఇనప అరుగు, మళ్లీ నిచ్చెన, మళ్లీ అరుగు. లిఫ్టులో ఆమె ఆ ఎత్తుకు రోజూ వెళ్లి వచ్చేదే. కానీ అక్కడ చుట్టూ ఇనప జాలి, చేతిలో పిడి, పక్కన నలుగురు మనుషులు ఉండేవాళ్లు. ఇక్కడ చుట్టూ ఉన్నది గాలి.

మొదటి రోజు పెద్దాయన ముందు ఎక్కుతుంటే ఆమె వెనకాలే ఎక్కింది. మొదటి అరుగు దాటింది. రెండోదీ దాటింది. మూడో అరుగు మీద కాలు పెట్టినప్పుడు, పాదాల కింది జాలిలోంచి నేల కనిపించింది. ఊచలు వంచే మనుషుల తలలమీది హెల్మెట్లు బటానీ గింజల్లా ఉన్నాయి. అంతే. గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. ఇనుము పట్టుకున్న చెయ్యి ఇనుమైపోయింది. వదలమంటే వదలదు, పైకి పొమ్మంటే పోదు.

"ఏమ్మా?" పైనుంచి పెద్దాయన గొంతు.

"కాళ్లు రావడం లేదు బాబాయ్."

ఆయన ఆ మోకాళ్లతోనే మళ్లీ కిందికి దిగి, ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక ఒక్కో వేలూ ఇనుము నుంచి విడిపించుకుని ఆమె కిందికి దిగింది. నేలమీద ఊచలు వంచేవాళ్లంతా చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆమెకు. అందరూ ఒక్కసారిగా పనిలో మునిగిపోయినట్టు తలలు దించుకున్నారు, మనిషి పోయిన ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లలా.

ఇంటికి వెళ్లి ఎవరికీ చెప్పకూడదనుకుంది. కానీ కూతురు తల్లి ముఖం చూడగానే గిన్నెలు కడిగే పని తన చేతుల్లోకి లాక్కుని, విషయం బయటికి లాగేసింది.

"ఓస్ ఇంతేనా? అమ్మా, ఇది మనసులో సమస్య. దీనికి నా దగ్గర మందుంది," అంటూ ఫోను తెచ్చింది. అందులో ఒకావిడ తేనెలాంటి గొంతుతో మాట్లాడుతోంది. రోజూ అద్దం ముందు నిలబడి, తనమీద తనకు నమ్మకం కలిగే వాక్యాలు గట్టిగా చెప్పుకోవాలట. చెప్పగా చెప్పగా మనసు నమ్మేస్తుందట.

కూతురు తల్లిని అద్దం ముందు నిలబెట్టింది. "చెప్పమ్మా. నేను నిర్భయను."

"నేను నిర్భయను."

"నేనే ఆకాశాన్ని. నా ఎత్తుకు హద్దు లేదు."

"నేనే ఆకాశాన్ని..."

తువ్వాలు భుజాన వేసుకుని భర్త అటుగా వచ్చాడు. ఒక్క క్షణం ఆగి విని, "ఆకాశం గారూ, నీళ్లు కాగాయా, స్నానానికి?" అన్నాడు. కూతురు దువ్వెన విసిరింది. ఆమెకు కూడా నవ్వొచ్చింది. కానీ పడుకోబోయే ముందు దుప్పటి కింద పెదవులు కదుపుతూ అవే మాటలు చెప్పుకుంది. అంతకన్నా ఇంకో దారి ఏదీ కనిపించలేదు మరి.

మర్నాడు నిచ్చెన దగ్గర నిలబడి మొదలుపెట్టింది. "నాకు భయం లేదు." ఒక మెట్టు. "నాకు భయం లేదు." ఇంకో మెట్టు. కానీ ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ లోపల ఇంకెవరో బదులిస్తున్నారు. ఉందిగా! మరి చేతులెందుకు తడిసిపోతున్నాయి? మరి నోరెందుకు ఎండిపోయింది? ఆమె గొంతు పెంచితే అదీ గొంతు పెంచింది. మొత్తానికి ఇద్దరూ పోట్లాడుకుంటూ పోట్లాడుకుంటూ రెండో అరుగు దగ్గర ఆగిపోయారు. నిన్న మూడో అరుగుదాకా వెళ్లిన మనిషి ఇవాళ ఆకాశమై రెండో అరుగు కూడా దాటలేకపోయింది.

కింద పెద్దాయన ఆమెకు మంచినీళ్ల సీసా ఇచ్చాడు. "నిన్ను తొందరపెట్టడం లేదమ్మాయ్. ఉన్నమాట చెప్తున్నాను. ఈ వారం ఆఖరుదాకా నేనెక్కుతాను. ఆ తర్వాత కంపెనీ బయటినుంచి మనిషిని పిలుస్తుంది. వాళ్లకూ పని ఆగకూడదు కదా."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద ఉతికిన బట్టలు గుట్టగా పోసుకుని మడతపెడుతోంది. ఎప్పటిలాగే పెదవులు కదులుతున్నాయి. ఆవిడ నోట్లో ఎప్పుడూ ఏదో ఒక జపం నడుస్తూ ఉండాల్సిందే. కూర తరుగుతున్నా, ఇల్లు తుడుస్తున్నా, బస్సు కోసం నిలబడినా సరే. ఏ దేవుడి మంత్రమో ఎవరికీ తెలియదు. అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు. కోడలై వచ్చిన ఇన్నేళ్లలో ఆమె కూడా అడగలేదు.

ఆ రోజు అడిగింది. చెప్పులు విప్పి, మంచం అంచున కూర్చుని, ఒక చొక్కా చేతిలోకి తీసుకుని అడిగేసింది.

"అత్తయ్యా, మీ మంత్రం నాక్కూడా చెప్పరా?"

అత్తయ్య చేతులు ఆగాయి. "ఎందుకే?"

"ఎక్కలేకపోతున్నాను." ఆ మాటతోపాటు కన్నీళ్లు కూడా వచ్చేశాయి. నిన్నటి సంగతీ, ఇవాళ్టి సంగతీ చెప్పింది. లోపల బదులిచ్చే ఆ గొంతు గురించి కూడా చెప్పింది.

అత్తయ్య అంతా వింది. లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. గొంతు తగ్గించింది.

"నవ్వకూడదు మరి. ఎవరికీ చెప్పకూడదు."

"చెప్పను."

"'ఇదయ్యాక అది.'"

"ఏమిటీ?"

"అదే నా మంత్రం. 'ఇదయ్యాక అది, ఇదయ్యాక అది.' అంతే."

కోడలు చొక్కా మడత సగంలో ఆపింది. "మరి దేవుడి పేరు?"

"దేవుడి పేరు పొద్దున్నే చెప్పుకుంటాను. అది ఆయన కోసం. ఇది నా కోసం." అత్తయ్య మళ్లీ మడత అందుకుంది. "మీ మామయ్య మంచాన పడ్డప్పుడు నేను ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని. ఇంట్లో చాకిరీ, అక్కడ చాకిరీ. పొద్దున గదిలో అడుగుపెడితే దుప్పట్లు కొండలా ఉండేవి. ఆ కొండను చూస్తే ఏడుపొచ్చేది. నేను చెయ్యగలను, నేను చెయ్యగలను అనుకునేదాన్ని. ఎక్కడ చెయ్యగలనూ? లోపలున్నది ఊరుకుంటుందా? నీ మొహం, నీవల్ల కాదు అనేది. ఒకరోజు విసుగొచ్చి, సరేలే, ఇదయ్యాక అది చూద్దాం అన్నాను. అది నోరు మూసుకుంది."

"ఎందుకని?"

"ఏమంటుంది పాపం? నిజమే కదా! ఈ దుప్పటి అయ్యాక ఆ దుప్పటే కదా వచ్చేది. కాదనడానికి ఏముంది అందులో?" అత్తయ్య ఆమె చేతిలోంచి చొక్కా లాక్కుని సరిగ్గా మడిచింది. "నువ్వు భయం లేదు భయం లేదు అని అబద్ధమాడితే అది పట్టేసుకుంటుంది. దానికి అబద్ధం వాసన బాగా తెలుసు. కాదనలేని మాట ఒక్కటి చెప్పి చూడు."

"అయితే నేనూ ఇదయ్యాక అది అనుకోనా?"

"అది నా దుప్పట్ల మాట. నీ నిచ్చెన మాట నాకేం తెలుసు? నువ్వే వెతుక్కో." తలుపు వైపు చూసి మళ్లీ గొంతు తగ్గించింది. "ఇది మాత్రం బయట అనకు. పక్కింటావిడ నన్ను చూడగానే టీవీ సౌండు తగ్గిస్తుంది. ఆ మర్యాద పోగొట్టకు."

మర్నాడు పొద్దున నిచ్చెన దగ్గర ఆమె చాలాసేపు ఊరికే నిలబడింది. నిజమైనది ఏముంది ఇక్కడ? భయముంది, అది నిజమే. కానీ అది చెప్పుకుంటే కాలు కదలదు. మెట్టు పట్టుకుంది. చల్లగా, గట్టిగా, గరుకుగా ఉంది. ఇది నా చేతిలో ఉందా? ఉంది. కాలు పైకి పెట్టింది. ఇది నా కాలి కింద ఉందా? ఉంది.

"చేతిలో పట్టుంది. కాలి కింద మెట్టుంది."

ఒక మెట్టెక్కి మళ్లీ అంది. లోపలున్నది ఏమంటుందోనని ఎదురుచూసింది. ఏమీ అనలేదు. ఏమంటుంది పాపం? చేతిలో పట్టుంది, కాలి కింద మెట్టుంది. కాదనడానికి ఏముంది?

మూడో అరుగు వచ్చింది. కింద బటానీ గింజలు కనిపించాయి. గుండె మళ్లీ గొంతులోకి వచ్చింది. ఈసారి దాన్ని పొమ్మనలేదు. వస్తే వచ్చావు, చేతిలో పట్టుంది, అంది. భయం కూడా ఆమె వెంటే ఎక్కింది. ఎక్కితే ఎక్కనీ. మెట్టు మాత్రం ఎక్కడికీ పోలేదు. చట్రంలోంచి గాలి ఈల వేసింది, బెల్టు కొక్కెం టంగుమంది, పైన ఎక్కడో పెద్దాయన దగ్గాడు. ఆమె పట్టు మార్చుకుంటూ, మాట మార్చకుండా ఎక్కింది. చివరికి చెయ్యి ఎత్తి వెతికితే మెట్టు తగల్లేదు. మెట్లు అయిపోయాయి.

పెద్దాయన గాజు గది తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రా. కూర్చో. నీ సీటే."

ఆమె కూర్చుంది. కింద ఊరంతా పరిచి ఉంది. బస్సులు, పైకప్పుల మీద ఆరేసిన బట్టలు, దూరంగా రైలు పట్టాలు. చెయ్యి పిడి మీద పెట్టింది. పిడితో ఆమెకు పాత స్నేహం. మొదటిసారి ఎత్తిన ఇటుకల పళ్లేన్ని ఏడో అంతస్తులో దించినప్పుడు, పెద్దాయన కిటికీలోంచి చూసి మీసం సవరించుకున్నాడు. అంతకు మించి ఆయన ఎవరినీ మెచ్చుకోగా ఎవరూ చూడలేదు.

వారం ఆఖరుకి ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆమె ఒంటరిగా ఎక్కడం మొదలైంది. కింద ఆమెకు కన్నూ చెవీ అయినవాడు సిగ్నలు ఇచ్చే కుర్రమనిషి. మాటకు ముందు ఈల వేసే అలవాటు ఉంది కాబట్టి అతన్ని అందరూ ఈల అనేవాళ్లు. పెళ్లయి చంటిపాప ఉంది. వాకీటాకీలో అతను చెప్పినట్టు ఆమె హుక్కు నడపాలి. అతను ఎడమంటే ఎడమ, ఆగమంటే ఆగడం.

ఒకరోజు పొద్దున ఎక్కుతుంటే నడుముకు కట్టుకున్న వాకీటాకీ బటను బెల్టు కింద నొక్కుకుపోయింది. ఆమెకు తెలియదు. మామూలుగానే ఎక్కింది, మామూలుగానే చెప్పుకుంది. పైకి వెళ్లి కూర్చున్నాక కిందికి చూస్తే సైటంతా పని ఆపేసి తలలెత్తి చూస్తోంది. బటను సర్దుకోగానే ఈల గొంతు వినిపించింది. "అక్కా... చేతిలో పట్టుందా?"

వెనకాల నవ్వులు. మేస్త్రీల దగ్గరే కాదు, మేనేజరు గదిలో కూడా వాకీటాకీ ఉంటుంది. అక్కడినుంచి కూడా నవ్వు.

ఆ తర్వాత రోజులు గడవడం కష్టమైంది. టీ దగ్గర ఒకడు కప్పు పట్టుకుని "చేతిలో కప్పుంది" అంటే, ఇంకొకడు "నోట్లో బన్నుంది" అనేవాడు. ఆమె నవ్వేసినట్టే ఉండేది. కానీ మర్నాటి నుంచి పెదవి కదపకుండా మనసులోనే అనుకుంటూ ఎక్కింది. మొహం మీద నవ్వు అతికించుకోవడం నిచ్చెన ఎక్కడం కన్నా కష్టమనిపించింది.

అలా ఉండగా గాలి రోజు వచ్చింది.

పొద్దుట్నుంచీ మబ్బుగానే ఉంది. గాలి కొలిచే మీటరు మాత్రం పని చేసుకోవచ్చనే చూపిస్తోంది. మధ్యాహ్నం పై కప్పు దగ్గర గోడ పోత పొయ్యడానికి అచ్చుపలక ఎత్తుతున్నారు. గది గోడంత వెడల్పున్న చెక్క పలక. పైన ఇద్దరు వడ్రంగులు దాన్ని అందుకోవడానికి నిలబడ్డారు. వాళ్ల పక్కనే ఈల. పలక ఇంకా వాళ్ల తలల ఎత్తుకు పైన ఉండగా, ఎక్కడినుంచి వచ్చిందో, గాలి ఒక్కసారిగా కొట్టింది.

పలక తెరచాపలా పొంగి తిరగడం మొదలెట్టింది. తిరుగుతూ ఊగింది. ఊగిన ప్రతిసారీ ఇద్దరు వడ్రంగుల వైపు వచ్చి, మళ్లీ వెనక్కి పోయింది. గాజు గది అటూ ఇటూ కదిలింది. మీటరు కూతపెట్టింది.

"అక్కా, పైకి!" అన్నాడు ఈల. "కాదు, కిందికి... కాదు కాదు, ఎడమ... అక్కా!"

అతని గొంతు సన్నబడిపోయింది. ఆమెకు బాగా తెలిసిన గొంతది. మూడో అరుగు మీద తనకు వచ్చిన గొంతే. అతను చెప్పందే తను కదపకూడదు. చెప్పలేని స్థితిలో అతనున్నాడు.

ఆమె బటను నొక్కింది. సైటంతా వింటుందని తెలిసే నొక్కింది.

"తమ్ముడూ, వినపడుతోందా? పలక నా హుక్కులో ఉంది. తాడు గట్టిగా ఉంది. బ్రేకు నా చేతిలో ఉంది."

అవతల ఊపిరి చప్పుడు.

"నువ్వు నాకు కనిపిస్తున్నావు. నీ కాళ్లు కప్పు మీద ఉన్నాయి. వాళ్లిద్దరూ నీ కుడివైపు ఉన్నారు. చూడు."

"ఉన్నారు... ఉన్నారక్కా."

"స్తంభం వెనక్కి పంపు వాళ్లని."

అతను ఈల వేశాడు. గాలిలో కూడా అది ఆమెకు వినపడింది. ఇద్దరూ వంగి స్తంభం వెనక్కి వెళ్లారు.

"వెళ్లారు."

"ఊపు నేను చంపుతాను. నువ్వు దింపే చోటు చూడు."

పలక ఎటు పోతుంటే అటే హుక్కును మెల్లగా వెంట పంపింది, పరిగెత్తే పిల్లాడి వెంట రెండడుగులు నడిచి చొక్కా పట్టుకున్నట్టు. ఒకసారి అందలేదు. రెండోసారి ఊపు సగమైంది. మళ్లీ గాలి కొట్టింది, మళ్లీ వెంట వెళ్లింది. వీపంతా చెమట. పిడి మీద చెయ్యి మాత్రం లిఫ్టు నడిపిన చెయ్యే. పలక ఊగడం మానేసి, అలిగినట్టు పక్కకు తిరిగి వేలాడింది.

"అక్కా, కుడికి." ఇప్పుడు ఈల గొంతు తన గొంతులా ఉంది. "కుడికి... ఇంకా... చాలు. కిందికి. మెల్లగా. మెల్లగా. ఆగు. కొంచెం... దిగింది! దిగిందక్కా!"

పలక ఖాళీ కప్పు మీద వెల్లకిలా పడుకుంది. తాళ్లు వదులయ్యాయి. వడ్రంగులు స్తంభం వెనకనుంచి వచ్చి దానిమీద బరువులు పెట్టారు. వాళ్లు తాళ్లు విప్పాక ఆమె హుక్కు పైకి లాక్కుని, పని ఆపేస్తున్నట్టు మేనేజరుకు చెప్పి, గాలి ఎటు తోస్తే అటు తిరగడానికి క్రేనును వదిలేసింది. గాలిలో దాన్ని బిగించి ఉంచకూడదు. అది నిదానంగా తిరుగుతుంటే ఊరు మొత్తం ఆమె ముందు నుంచి ఒక చుట్టు చుట్టి వెళ్లింది. అప్పుడు ఏడ్చింది. వాకీటాకీ బటను చూసుకుని మరీ ఏడ్చింది.

గాలి తగ్గాక దిగడం మొదలెట్టింది. సగం దిగాక కింద ఏదో చప్పుడు. ఊచలు వంచేవాళ్లలో ఒకడు సుత్తితో ఇనప గొట్టం మీద కొడుతున్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, ఎవరి చేతిలో ఏముంటే దానితో. సైటంతా మోగిపోయింది. నిచ్చెన ఇనుములోంచి ఆ మోత ఆమె అరచేతుల్లోకి వచ్చింది.

కింద ఈల నిలబడి ఉన్నాడు. ఆమె అతని భుజం మీద తట్టి, "ఇంటికెళ్లి పాపను ఎత్తుకో పో," అంది.

ఆ తర్వాత లిఫ్టక్క పేరు ఎలా పోయిందో ఎవరికీ గుర్తులేదు. క్రేనక్క అయిపోయింది. ఆటపట్టించడం కూడా ఆగిపోలేదు, రూపం మారింది. పరంజా ఎక్కేవాళ్లు ఎక్కేముందు "బెల్టు కొక్కెంలో ఉంది" అని పైకే అనుకోవడం మొదలెట్టారు. అంటే చూసుకోవాలి కదా, చూసుకుంటున్నారు. వడ్రంగుల్లో పెద్దవాడు మేకు కొట్టే ముందు "మేకు సూటిగా ఉంది, వేలు పక్కనుంది" అనేవాడు. మేనేజరుకు కూడా ఒకటి ఉందని వినికిడి. కంపెనీ వాళ్లతో మాట్లాడే ముందు గదిలో ఒక్కడే "ఈ మీటింగు కూడా అయిపోతుంది" అనుకుంటాడట. ఆమె ఎవరికీ ఏమీ నేర్పలేదు. అడిగినవాళ్లకు ఒక్కటే చెప్పేది. "నిజమైనదే అనుకోండి. చిన్నదైనా ఫర్లేదు."

ఆసుపత్రి పై కప్పు పూర్తయ్యే రోజు పనివాళ్ల కుటుంబాలను పిలిచారు. కూతురు వచ్చింది. భర్త ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అత్తయ్య, చెవులమీదికి జారిపోయే హెల్మెట్ పెట్టుకుని, కనిపించిన ప్రతి గదిలోకీ తొంగిచూసింది. ఇక్కడ పిల్లలుంటారా, ఇక్కడ తల్లులు పడుకోవడానికి చోటుందా, లాండ్రీకి కిటికీ పెట్టారా అని మేనేజరును నిలదీసింది. లాండ్రీకి కిటికీ ఉందని తెలిశాక గానీ ఆయన్ని వదల్లేదు. తర్వాత బయటికొచ్చి తలెత్తి చూసింది. క్రేను చివరి దూలాన్ని ఎత్తుతోంది. దూలం మబ్బుల మీదుగా నడిచినట్టు నడిచి, తన చోట్లో కూర్చుంది. అత్తయ్య మెడ నొప్పెట్టినా తల దించలేదు.

సాయంత్రం ఆమె దిగి వచ్చాక అత్తయ్య ఒక్క మెచ్చుకోలు మాట కూడా అనలేదు. ఆమె చేతిలోంచి ఎర్ర హెల్మెట్ తీసుకుంది. ఆ సైటులో ఎర్రది ఒక్కరికే ఉంటుంది.

"ఇటివ్వండత్తయ్యా, నేను పట్టుకుంటాను."

"నువ్వు రోజూ పట్టుకునేదేగా."

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా అత్తయ్య నడవా వైపు కూర్చుంది. హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని, మీద రాసి ఉన్న క్రేను గుర్తు అందరికీ కనపడేలా తిప్పుకుంది. కొంచెంసేపు చూసింది. ఎవరూ అడగలేదు. పైటతో దాన్ని తుడవడం మొదలెట్టింది. తుడిచిందే తుడిచింది. చివరికి ఎదురు సీట్లో ఆవిడ ఉండబట్టలేక, "ఎవరిదండీ అది?" అంది.

"మా కోడలిది," అంది అత్తయ్య, వెనక సీట్లకు కూడా వినపడేలా. "క్రేను నడుపుతుంది. అటు చూడండి, మీ కిటికీలోంచి. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తుగా కనిపిస్తోందే, అదే."

ఆవిడ మెడ తిప్పి చూసింది. పక్కనున్న వాళ్లూ చూశారు. "అమ్మో. భయమెయ్యదూ?"

"ఎందుకెయ్యదు? భేషుగ్గా వేస్తుంది. వేసినా ఎక్కుతుంది, అదీ సంగతి!" అని అత్తయ్య సర్దుకుని కూర్చుంది. "మొదట్నుంచీ చెప్తాను వినండి. ఇది ముందు లిఫ్టు నడిపేదా..."

కూతురు సిగ్గుతో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. భర్త, తల్లి ఎక్కడైనా ఏదైనా మరిచిపోతే అందించడానికి సిద్ధంగా వంగి కూర్చున్నాడు. ఆమె కిటికీవైపు తిరిగి ఊరికే బయటికి చూస్తున్నట్టు నటించింది. అద్దంలో తన నవ్వు తనకే కనిపిస్తోంది.

వాళ్లు దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్లింది. అత్తయ్య ఇంకా గాలి రోజు దగ్గరికి కూడా రాలేదు. ఆమె గుర్తుచెయ్యలేదు.